వేర్వేరు వడ్డీ రేట్ల మధ్య సొమ్ము పంపకం: బీజగణిత పద్ధతి

వడ్డీ రేట్లు వేరువేరుగా ఉన్న ఖాతాల్లో ఒక మొత్తాన్ని ఎలా పంచితే కోరినంత వడ్డీ వస్తుంది? వచ్చిన వడ్డీని బట్టి ఏ ఖాతాలో ఎంత సొమ్ము ఉందో చెప్పడం ఎలా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పే లెక్క ఒక్కటే. భారతీయ గణిత గ్రంథాల్లో ఇది ‘మిశ్ర వ్యవహారం’ కింద వస్తుంది. నేటి పాఠ్యపుస్తకాల్లో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలకు అన్వయంగా కనిపిస్తుంది. పదవీ విరమణ సొమ్మును పథకాల్లో సర్దేవారికి, బ్యాంకు అప్పూ బయటి అప్పూ రెండూ ఉన్న కుటుంబానికి, నిధులను పలుచోట్ల దాచే సంఘానికి ఇది నేరుగా పనికొస్తుంది.

లెక్కకు మూలం రెండు సంగతులు. భాగాలన్నీ కలిపితే మొత్తం సొమ్ము రావాలి. వాటి మీది వడ్డీలన్నీ కలిపితే మొత్తం వడ్డీ రావాలి. ఈ రెంటినీ రెండు సమీకరణాలుగా రాస్తే తెలియని రెండు భాగాలూ తేలిపోతాయి. అలా తేలిన జవాబులో ఒక క్రమం ఉంది: మొత్తం మీద పడే సగటు రేటు రెండు రేట్లకూ ఎంతెంత దూరంలో ఉందో, ఆ దూరాలే భాగాల నిష్పత్తిని నిర్ణయిస్తాయి.

లెక్కలోని అంశాలు

అప్పుగా ఇచ్చిన లేదా డిపాజిట్ చేసిన సొమ్మును అసలు అంటారు. దాన్ని వాడుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము వడ్డీ. నూరు రూపాయల మీద నిర్ణీత కాలానికి ఎంత వడ్డీ అన్నది రేటు. బారువడ్డీ పద్ధతిలో అసలును, కాలాన్ని, రేటును గుణించి నూరుతో భాగిస్తే వడ్డీ వస్తుంది. నూటికి ఏడాదికి 8 రూపాయల చొప్పున 50,000 రూపాయల మీద ఒక ఏడాదికి 4,000 రూపాయలు, మూడేళ్లకు 12,000 రూపాయలు వడ్డీ అవుతుంది.

రేటు చెప్పే తీరు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బ్యాంకులు, పోస్టాఫీసులు ఏడాదికి నూటికి ఎంత అని శాతంలో చెబుతాయి. తెలుగు పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ ప్రోనోటు అప్పులు నెలకు నూటికి ఎన్ని రూపాయలన్న లెక్కన నడుస్తాయి. ‘రూపాయి వడ్డీ’ అంటే ఏడాదికి 12 శాతం. ‘రూపాయిన్నర’ 18 శాతం, ‘రెండు రూపాయలు’ 24 శాతం, ‘ముప్పావలా’ 9 శాతం, ‘పావలా’ 3 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో మహిళా స్వయం సహాయక సంఘాల కోసం మొదలుపెట్టిన ‘పావలా వడ్డీ’ పథకం పేరులోనే ఈ లెక్క ఉంది. సక్రమంగా అప్పు తీర్చే సంఘాలకు ఏడాదికి 3 శాతానికి మించిన వడ్డీ భారాన్ని ప్రభుత్వం భరించడం దాని సారాంశం. రెండు రేట్లను ఒకే లెక్కలో పెట్టేముందు రెంటినీ ఏడాది లెక్కకో, రెంటినీ నెల లెక్కకో మార్చడం తప్పనిసరి.

సమీకరణం కూర్చడం

ఒక వ్యక్తి దగ్గర 2,00,000 రూపాయలున్నాయి. కొంత 8 శాతం ఇచ్చే ఖాతాలో, మిగిలింది 6 శాతం ఇచ్చే ఖాతాలో వేస్తే ఏడాది తిరిగేసరికి 14,500 రూపాయల వడ్డీ వచ్చింది. ఏ ఖాతాలో ఎంత వేసినట్టు?

8 శాతం ఖాతాలోని సొమ్మును ‘య’ అనుకుంటే, మిగిలిన ఖాతాలో ఉన్నది 2,00,000 − య. మొదటి ఖాతా వడ్డీ య × 8 ÷ 100. రెండో ఖాతా వడ్డీ (2,00,000 − య) × 6 ÷ 100. ఈ రెండు వడ్డీల మొత్తం 14,500. రెండు వైపులా నూరుతో గుణిస్తే భిన్నాలు పోయి సమీకరణం ఇలా మిగులుతుంది:

8య + 6(2,00,000 − య) = 14,50,000

కుండలీకరణం విప్పితే 2య + 12,00,000 = 14,50,000. అంటే 2య = 2,50,000, య = 1,25,000. కాబట్టి 8 శాతం ఖాతాలో 1,25,000 రూపాయలు, 6 శాతం ఖాతాలో 75,000 రూపాయలు ఉన్నాయి. సరిచూస్తే మొదటిదాని వడ్డీ 10,000, రెండోదాని వడ్డీ 4,500, మొత్తం 14,500.

ఇదే లెక్కను రెండు అవ్యక్తరాశులతోనూ, అంటే తెలియని రాశులతోనూ చేయవచ్చు. రెండో భాగాన్ని ‘క’ అంటే, య + క = 2,00,000 అన్నది మొదటి సమీకరణం. 8య + 6క = 14,50,000 అన్నది రెండోది. మొదటిదాన్ని 6తో గుణించి రెండోదాని నుంచి తీసివేస్తే ‘క’ తొలగిపోయి మళ్లీ 2య = 2,50,000 వస్తుంది. పాఠశాలల్లో మొదటి దారిని ప్రతిక్షేపణ పద్ధతి అని, రెండోదాన్ని తొలగింపు పద్ధతి అని నేర్పుతారు. రెండు ఖాతాల లెక్కకు ఏదైనా ఒకటే. ఖాతాలు పెరిగేకొద్దీ తొలగింపు పద్ధతి తేలిక.

గ్రాఫు గీస్తే ఒక్కొక్క సమీకరణం ఒక్కో సరళరేఖ అవుతుంది. మొదటి రేఖ మీది ప్రతి బిందువూ రెండు లక్షలను పంచే ఒక తీరు. రెండో రేఖ మీది ప్రతి బిందువూ 14,500 వడ్డీ తెచ్చే ఒక జోడి. రెండు రేఖలూ ఖండించుకునే బిందువే జవాబు.

ఊహించి సరిచేసే పద్ధతి

సమీకరణం రాయకుండా నోటిలెక్కగానూ ఇదే ఫలితం రాబట్టవచ్చు. రెండు లక్షలూ 6 శాతానికే వేశారనుకుంటే వడ్డీ 12,000 రావాలి. నిజంగా వచ్చింది 14,500. తేడా 2,500. ఒక్కో నూరు రూపాయలను 6 శాతం ఖాతా నుంచి 8 శాతం ఖాతాకు మార్చిన కొద్దీ వడ్డీ 2 రూపాయలు పెరుగుతుంది. 2,500 పెరగాలంటే 1,250 నూర్లు, అంటే 1,25,000 రూపాయలు మార్చాలి.

బీజగణిత సమీకరణంలో 12,00,000 అన్న పదం, 2య అన్న పదం ఎందుకు వచ్చాయో ఈ పద్ధతి స్పష్టంగా చూపిస్తుంది. మొదటిది అంతా చిన్న రేటుకే వేస్తే వచ్చే వడ్డీకి నూరు రెట్లు. రెండోదానిలోని 2 అన్న గుణకం రేట్ల మధ్య తేడా. తెలియని రాశికి ఒక విలువ ఊహించి, వచ్చిన ఫలితాన్ని బట్టి దాన్ని సవరించే పద్ధతులు బీజగణిత సంకేతాలు స్థిరపడక ముందునుంచీ అనేక దేశాల్లో వాడుకలో ఉన్నాయి. గణితవేత్త భాస్కరాచార్యుడి ‘లీలావతి’ గ్రంథంలో దీనికి దగ్గరి పద్ధతికి ఇష్టకర్మ అని పేరు.

సాధారణ సూత్రం, సగటు రేటు

మొత్తం సొమ్ము మ, పెద్ద రేటు ప, చిన్న రేటు చ అనుకుందాం. మొత్తం వడ్డీని మొత్తం సొమ్ముతో భాగించి నూరుతో గుణిస్తే సగటు రేటు వస్తుంది. దాన్ని స అందాం. అప్పుడు పెద్ద రేటు ఖాతాలో ఉండవలసిన సొమ్ము:

య = మ × (స − చ) ÷ (ప − చ)

చిన్న రేటు ఖాతాలో ఉండవలసినది:

క = మ × (ప − స) ÷ (ప − చ)

పై ఉదాహరణలో రెండు లక్షల మీద 14,500 అంటే సగటు రేటు 7.25 శాతం. చిన్న రేటు 6కు ఇది 1.25 దూరంలో, పెద్ద రేటు 8కి 0.75 దూరంలో ఉంది. 1.25కు 0.75 నిష్పత్తి 5 : 3. రెండు లక్షలను 5 : 3గా పంచితే 1,25,000, 75,000 వస్తాయి. సగటు ఏ రేటుకు దగ్గరగా ఉంటే ఆ ఖాతాలో ఎక్కువ సొమ్ము ఉన్నట్టు. దూరాలు మాత్రం తలకిందులుగా వర్తిస్తాయి: పెద్ద రేటు ఖాతా వాటా చిన్న రేటు నుంచి ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది.

ఇలాంటి సగటును భారిత సగటు అంటారు. రేట్లను కలిపి రెండుతో భాగిస్తే వచ్చే 7 శాతం, రెండు ఖాతాల్లోనూ సమానంగా సొమ్ము ఉన్నప్పుడు మాత్రమే నిజమైన సగటు. వేర్వేరు వన్నెల బంగారాన్ని కలిపి కరిగిస్తే ఏ వన్నె వస్తుందన్న లెక్కకూ, కోరిన వన్నె రావాలంటే ఏది ఎంత కలపాలన్న లెక్కకూ సరిగ్గా ఇదే సూత్రం. ‘లీలావతి’ వడ్డీ లెక్కలనూ సువర్ణ గణితాన్నీ మిశ్ర వ్యవహారం అన్న ఒకే ప్రకరణంలో చెప్పడంలో ఈ ఏకత్వం కనిపిస్తుంది.

జవాబు ఉండే సందర్భాలు, లేని సందర్భాలు

రెండు రేట్లూ సమానమైతే ప − చ సున్నా అవుతుంది, సూత్రం పనిచేయదు. కారణం సులభం. ఎలా పంచినా వడ్డీ ఒకటే వస్తుంది కాబట్టి వడ్డీని చూసి పంపకాన్ని కనుక్కోలేం. గ్రాఫులో రెండు రేఖలూ ఒకదానిమీద ఒకటి పడతాయి, లేదా ఎప్పటికీ కలవని సమాంతర రేఖలవుతాయి.

సగటు రేటు రెండు రేట్ల మధ్య ఉన్నంతవరకు రెండు భాగాలూ ధన సంఖ్యలుగానే వస్తాయి. సగటు పెద్ద రేటును దాటితే ఒక భాగం రుణ సంఖ్యగా వస్తుంది. ఉదాహరణకు 10,00,000 రూపాయలను 8, 6 శాతాల మధ్య పంచి ఏడాదికి 90,000 వడ్డీ తేవాలని కోరితే, సమీకరణం 8 శాతం ఖాతాలో 15,00,000, 6 శాతం ఖాతాలో −5,00,000 అని చెబుతుంది. ఈ జవాబుకూ అర్థం ఉంది. 6 శాతానికి ఐదు లక్షలు అప్పు తెచ్చి, మొత్తం పదిహేను లక్షలనూ 8 శాతానికి వేయాలని దాని భావం. గణితవేత్త బ్రహ్మగుప్తుడు 628లో రాసిన ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’లో ధన సంఖ్యలకు ధనమని, రుణ సంఖ్యలకు ఋణమని పేర్లు పెట్టి వాటి కూడికలకు, గుణకారాలకు నియమాలు చెప్పాడు. ఈ లెక్కలో ఆ పేర్లు అక్షరాలా సరిపోతాయి. అయితే బ్యాంకులు డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ కంటే అప్పుల మీద తీసుకునే వడ్డీ ఎక్కువ కాబట్టి, మామూలు పొదుపరికి ఇలాంటి పంపకం సాధ్యం కాదు.

దీని నుంచి సామాన్యుడికి ఎంతో మేలు చేసే ఒక నియమం వస్తుంది. సొంత సొమ్మును ఎన్ని ఖాతాల్లో ఎలా కలిపి వేసినా, మొత్తం మీద వచ్చే రేటు వాటిలోని అతి పెద్ద రేటును మించదు. సొమ్మును మామూలు డిపాజిట్లలోనే సర్ది, వాటన్నింటికంటే ఎక్కువ వడ్డీ రాబట్టి ఇస్తామని ఎవరైనా అంటే, ఆ అదనపు వడ్డీ ఆ డిపాజిట్ల నుంచి రావడం గణితరీత్యా అసాధ్యం. అది అప్పు నుంచో, నష్టభయం ఉన్న పెట్టుబడి నుంచో, కొత్తగా చేరేవారి సొమ్ము నుంచో రావాలి.

మూడు, అంతకు మించిన ఖాతాలు

మూడు ఖాతాలుంటే మూడు అవ్యక్తరాశులు. మొత్తం సొమ్ము, మొత్తం వడ్డీ అన్న రెండు సంగతులు మాత్రమే తెలిస్తే జవాబు ఒక్కటిగా తేలదు. 5,00,000 రూపాయలను 6, 7, 8 శాతాల ఖాతాల్లో వేస్తే 36,000 వడ్డీ వచ్చిందనుకుందాం. అంతా 7 శాతానికి వేస్తే 35,000 వచ్చేది. అదనంగా వచ్చిన 1,000 రూపాయలు చెబుతున్నది ఒక్కటే: 8 శాతం ఖాతాలోని సొమ్ము 6 శాతం ఖాతాలోని సొమ్ము కంటే సరిగ్గా ఒక లక్ష ఎక్కువ. 6 శాతానికి ఏమీ వేయకుండా 7కు నాలుగు లక్షలు, 8కి ఒక లక్ష వేసినా, వరుసగా ఒకటి, రెండు, రెండు లక్షలు వేసినా, రెండు, సున్నా, మూడు లక్షలు వేసినా వడ్డీ 36,000 రూపాయలే.

8 శాతం ఖాతాలోని సొమ్ము 6 శాతం ఖాతాలోదానికి రెట్టింపు అన్న మూడో సంగతి కూడా తెలిస్తే జవాబు స్థిరపడుతుంది. ఒకటి మరొకదానికి రెట్టింపు, రెంటి తేడా లక్ష కాబట్టి 6 శాతానికి ఒక లక్ష, 8 శాతానికి రెండు లక్షలు, 7 శాతానికి మిగిలిన రెండు లక్షలు. అవ్యక్తరాశులు ఎన్ని ఉంటే ఒకదాని నుంచి ఒకటి రాని సమీకరణాలు అన్ని ఉండాలన్న బీజగణిత నియమం ఇక్కడ కళ్లకు కడుతుంది.

సమాన వడ్డీ పంపకం

మొత్తం వడ్డీ ఇవ్వకుండా, భాగాలన్నింటి మీదా వడ్డీ సమానంగా రావాలని కోరే లెక్కలు మరో రకం. 1150 ప్రాంతంలో రచించిన ‘లీలావతి’లో ఈ రకానికి పేరొందిన ఉదాహరణ ఉంది. 94 నిష్కాల సొమ్మును మూడు భాగాలు చేసి నెలకు నూటికి 5, 3, 4 చొప్పున వడ్డీకి ఇచ్చారు. అవి వరుసగా 7, 10, 5 నెలల్లో సమానమైన వడ్డీని తెచ్చాయి. భాగాలు ఎంతెంత?

నూరు నిష్కాల మీద మొదటి భాగానికి 5 × 7 = 35, రెండోదానికి 3 × 10 = 30, మూడోదానికి 4 × 5 = 20 నిష్కాల వడ్డీ వస్తుంది. వడ్డీ సమానం కావాలంటే నూటికి ఎక్కువ తెచ్చే భాగం చిన్నదిగా, తక్కువ తెచ్చేది పెద్దదిగా ఉండాలి. అంటే భాగాలు 35, 30, 20 సంఖ్యల వ్యుత్క్రమాల నిష్పత్తిలో ఉండాలి. ఆ నిష్పత్తి 12 : 14 : 21. వీటి మొత్తం 47, అది 94లో సగం. కాబట్టి భాగాలు 24, 28, 42 నిష్కాలు. ఒక్కో భాగం మీద వడ్డీ 8 నిష్కాలు, ఇంకొక నిష్కంలో అయిదింట రెండు వంతులు. రేటుతో పాటు కాలం కూడా వేరైనప్పుడు, రేటును కాలంతో గుణించిన లబ్ధమే రేటు స్థానంలో పనిచేస్తుందన్నది ఈ ఉదాహరణ నేర్పే ముఖ్య విషయం.

చరిత్ర

భారతీయ గణితంలో వడ్డీ లెక్కలు బీజగణిత వికాసంతో పెనవేసుకుని సాగాయి. 499 నాటి ‘ఆర్యభటీయం’లోని గణితపాదంలో ఒక వడ్డీ సూత్రం ఉంది. నూరు రూపాయల మీద ఒక నెలకు వచ్చిన వడ్డీని అదే రేటుకు మళ్లీ నాలుగు నెలలు తిప్పితే, మొదటి వడ్డీ, దాని మీది వడ్డీ కలిసి 6 రూపాయలయ్యాయనుకుందాం. మొదటి వడ్డీ ఎంత? ఇక్కడ రేటే తెలియదు కాబట్టి అవ్యక్తరాశి వర్గం వచ్చి వర్గ సమీకరణం ఏర్పడుతుంది. జవాబు 5 రూపాయలు: 5 రూపాయల మీద నెలకు పావలా చొప్పున నాలుగు నెలలకు రూపాయి. ఆర్యభటుడి సూత్రం వర్గమూలం సాయంతో ఈ రకం లెక్కను సాధిస్తుంది. తెలియనిది అసలు అయితే సమీకరణం రేఖీయం. తెలియని రేటుతో తెలియని వడ్డీని గుణించవలసి వస్తే అది వర్గ సమీకరణం.

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’ రాశాడు. అందులోని మిశ్రక వ్యవహార అధ్యాయం అసలు, వడ్డీ, కాలాలు కలగలిసిన లెక్కలను విస్తారంగా చర్చిస్తుంది. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మల్లన 11వ శతాబ్ది వాడని, రాజరాజ నరేంద్రుడి కాలానికి చెందినవాడని పలువురు పండితుల అభిప్రాయం. తెలుగులో దొరుకుతున్న తొలి శాస్త్ర గ్రంథాల్లో ‘పావులూరి గణితం’ ఒకటి.

అవ్యక్తరాశులకు పేర్లు పెట్టే సంప్రదాయమూ ఈ గ్రంథాల్లో స్థిరపడింది. భాస్కరాచార్యుడి ‘బీజగణితం’లో మొదటి అవ్యక్తరాశి యావత్తావత్తు. ఆపైన కాలకం, నీలకం, పీతకం, లోహితకం అంటూ రంగుల పేర్లు. వాటిని యా, కా, నీ అని మొదటి అక్షరాలతో సూచించేవారు. రెండు ఖాతాల లెక్కలో య, క అన్న గుర్తులు ఆ వరుసలోవే. ఇతర నాగరికతల్లోనూ ఇలాంటి లెక్కలకు దారులు ఏర్పడ్డాయి. చైనాలోని ‘తొమ్మిది అధ్యాయాల’ గణిత గ్రంథం గుణకాలను పట్టికగా పేర్చి ఒక్కో అవ్యక్తరాశినీ తొలగించే పద్ధతిని చూపింది. ఇటలీలో ఫిబొనాచ్చి 1202లో రాసిన ‘లిబెర్ అబాచి’ రెండు ఊహల పద్ధతిని వర్తకుల లెక్కలకు అన్వయించింది.

చక్రవడ్డీ వచ్చినప్పుడు

వడ్డీని అసలుకు కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ కట్టడం చక్రవడ్డీ. దీని సూత్రంలో ఘాతాలు ఉన్నా, పంపకం లెక్క మాత్రం రేఖీయంగానే ఉంటుంది. రేటూ కాలమూ ముందే తెలుసు కాబట్టి ఒక్కో రూపాయి ఎంత అవుతుందో స్థిరసంఖ్యగా వచ్చేస్తుంది. ఏడాదికోసారి వడ్డీ కలిపితే రెండేళ్లలో 8 శాతం చొప్పున రూపాయి 1.1664 రూపాయలు, 6 శాతం చొప్పున 1.1236 రూపాయలు అవుతుంది. ఒక లక్షను ఈ రెంటి మధ్య పంచితే రెండేళ్లకు 1,14,072 రూపాయలు చేతికొచ్చాయనుకుందాం. అంతా 6 శాతానికి వేస్తే 1,12,360 వచ్చేది. తేడా 1,712. రూపాయికి 0.0428 చొప్పున ఈ తేడా రావాలంటే 8 శాతం ఖాతాలో 40,000, 6 శాతం ఖాతాలో 60,000 ఉండాలి.

భారతీయ బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలపడం సాధారణ పద్ధతి. అలాంటి డిపాజిట్ మీద 7 శాతం అని రాసి ఉంటే ఏడాదికి నిజంగా గిట్టేది సుమారు 7.19 శాతం. దీన్ని వాస్తవిక వార్షిక రేటు అంటారు. వడ్డీ కలిపే వ్యవధులు వేరైన రెండు ఖాతాలను పోల్చేటప్పుడు సమీకరణంలో ఈ రేటునే వేయాలి.

చిన్న పొదుపు పథకాల్లో అన్వయం

పోస్టాఫీసు పథకాలు ఈ లెక్కకు మంచి నిజజీవిత ఉదాహరణ. వీటి రేట్లను కేంద్ర ఆర్థిక శాఖ మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2023 జులైలో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ రేటు 8.2 శాతం, మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ రేటు 7.4 శాతం. మొదటిదానిలో వడ్డీ మూడు నెలలకోసారి, రెండోదానిలో నెలనెలా చేతికొస్తుంది. రెంటిలోనూ ఖాతా తెరిచిన నాటి రేటే అయిదేళ్ల గడువంతా కొనసాగుతుంది. 2023 ఏప్రిల్ నుంచి మొదటిదానిలో 30 లక్షలు, రెండోదానిలో ఒక్కరి పేరిట 9 లక్షలు గరిష్ఠ పరిమితి.

అరవై ఏళ్లు నిండిన ఒక ఉద్యోగి 20 లక్షల రూపాయలతో ఏడాదికి 1,58,000 ఆదాయం రావాలని, అందులో కొంత ఇంటి ఖర్చులకు నెలనెలా అందాలని కోరుకున్నారనుకుందాం. అంతా 7.4 శాతానికే వేస్తే 1,48,000 వస్తుంది. ఇంకా కావలసింది 10,000. రేట్ల తేడా 0.8 శాతం. 10,000ను 0.008తో భాగిస్తే 12,50,000. కాబట్టి సీనియర్ సిటిజన్స్ పథకంలో 12,50,000, నెలవారీ పథకంలో 7,50,000 వేయాలి. మొదటిది మూడు నెలలకోసారి 25,625 రూపాయలు, రెండోది నెలకు 4,625 రూపాయలు ఇస్తుంది. రెండు మొత్తాలూ పరిమితులకు లోబడే ఉన్నాయి.

అయితే అంతా 8.2 శాతానికే వేస్తే ఏడాదికి 1,64,000 వచ్చేది. నెలనెలా డబ్బు అందే సౌకర్యం కోసం ఏడాదికి 6,000 రూపాయలు వదులుకుంటున్నట్టు. సౌకర్యానికి చెల్లిస్తున్న ధరను ఇంత కచ్చితంగా చూపడం కూడా ఈ లెక్క చేసే మేలే.

అప్పుల లెక్క

డిపాజిట్లకు వర్తించే సమీకరణమే అప్పులకూ వర్తిస్తుంది. ఒక రైతు కుటుంబానికి మొత్తం 1,20,000 అప్పు ఉంది. కొంత బ్యాంకులో 7 శాతానికి తీసుకున్న పంట రుణం, మిగిలింది ఊళ్లో నూటికి రెండు రూపాయల చొప్పున తెచ్చినది. ఏడాదికి కట్టవలసిన వడ్డీ 16,900. రెండు రూపాయల వడ్డీని ముందుగా 24 శాతంగా మార్చాలి. అప్పంతా బ్యాంకుదే అయితే వడ్డీ 8,400. అదనంగా పడుతున్న 8,500ను రేట్ల తేడా 0.17తో భాగిస్తే బయటి అప్పు 50,000 అని, బ్యాంకు అప్పు 70,000 అని తేలుతుంది.

బయటి అప్పు అసలులో సగం కూడా లేదు. అయినా దాని మీది వడ్డీ 12,000 రూపాయలు, అంటే మొత్తం వడ్డీలో సుమారు పదింట ఏడు వంతులు. ఆ అప్పులో ప్రతి వెయ్యి రూపాయలనూ బ్యాంకు అప్పుగా మార్చుకోగలిగితే ఏడాదికి 170 రూపాయలు మిగులుతాయి. చేతికి కొంత సొమ్ము అందితే ఏ అప్పు ముందు తీర్చాలన్న ప్రశ్నకు ఇదే జవాబు.

పరిమితులు, అసమీకరణాలు

వడ్డీ ఒక్కటే చూసుకుంటే సొమ్మంతా పెద్ద రేటు ఖాతాలో వేయడమే లాభం. నిజజీవితంలో పంపకం అవసరమయ్యేది పరిమితుల వల్ల. పథకానికి గరిష్ఠ మొత్తం ఉంటుంది. అత్యవసరానికి కొంత సొమ్ము సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. బ్యాంకు దెబ్బతింటే డిపాజిట్ బీమా కింద అందేది, 2020 ఫిబ్రవరి నుంచి, ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. ఇలాంటి షరతులు ‘ఇంతకు మించకూడదు’, ‘ఇంతకు తగ్గకూడదు’ అనే అసమీకరణాలుగా వస్తాయి. వీటన్నింటికీ లోబడి వడ్డీ గరిష్ఠంగా ఉండే పంపకాన్ని కనుక్కోవడం రేఖీయ ప్రణాళికీకరణం అనే శాఖ పని. సోవియట్ గణితవేత్త కాంతోరోవిచ్ 1939లో దీనికి పునాది వేశాడు. అమెరికాకు చెందిన డాంట్జిగ్ 1947లో ఇలాంటి లెక్కలను సాధించే సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాడు. ఖాతాల లెక్కలో రేఖీయ ప్రణాళికీకరణం ఇచ్చే ఫలితం సరళంగా ఉంటుంది: ముందుగా ప్రతి ఖాతాలో ఉండి తీరవలసిన కనీస మొత్తం ఉంచాలి, ఆపైన పెద్ద రేటు నుంచి చిన్న రేటుకు దిగుతూ ఒక్కో ఖాతాను పరిమితి మేరకు నింపుకుంటూ రావాలి.

పన్ను కూడా రేటును మారుస్తుంది. సెస్సు పక్కన పెడితే, 20 శాతం పన్ను కట్టేవారికి 8 శాతం డిపాజిట్ మీద చేతిలో మిగిలేది 6.4 శాతమే. వడ్డీ మీద పన్ను లేని పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఉన్న 7.1 శాతం అలాంటివారికి దానికంటే మేలు. కాబట్టి సమీకరణంలో వేయవలసినవి పన్ను పోగా మిగిలే రేట్లు.

తరచు జరిగే పొరపాట్లు

మొదటిది, రెండు రేట్లను కూడి గానీ, సగం చేసి గానీ మొత్తం సొమ్ముకు వర్తింపజేయడం. రెండోది, నెల రేటును ఏడాది రేటుతో కలపడం. మూడోది, 8 శాతాన్ని 0.08 అని కాక 0.8 అని రాయడం. దీనితో వడ్డీ పదింతలవుతుంది. నాలుగోది, రెండో భాగాన్ని 2,00,000 − య అనడానికి బదులు య − 2,00,000 అని రాయడం. అయిదోది, ‘య’ ఏ ఖాతాకు గుర్తో మరచి భాగాలను తారుమారు చేయడం.

వీటన్నింటినీ పట్టించే పరీక్షలు మూడు. సమీకరణం రాయకముందే సగటు రేటు కట్టి, అది రెండు రేట్ల మధ్య ఉందో లేదో చూడాలి. జవాబు వచ్చాక, సగటు ఏ రేటుకు దగ్గరగా ఉందో ఆ ఖాతాలోనే ఎక్కువ సొమ్ము ఉందో లేదో చూడాలి. చివరగా రెండు భాగాల మీదా వడ్డీ విడివిడిగా కట్టి కూడాలి. ఆ కూడిక ఇచ్చిన వడ్డీతో, భాగాల కూడిక మొత్తం సొమ్ముతో సరిపోతే లెక్క సరైనదే.